లోహంలో మొలిచిన చెట్లు

చెట్టు, తీగ, ఆకు, పువ్వు, పిట్ట, పురుగు... ప్రకృతిలో కనిపించే రూపాలను కంచు, రాగి, ఇత్తడి, వెండి, బంగారం, ఇనుము, స్టీలులో మలిచే కళకు సుమారు 4,500 ఏళ్ల చరిత్ర ఉంది. అందులో పెద్ద పీట చెట్టుదే. మెసపొటేమియా రాజసమాధుల్లో దొరికిన బంగారు పొద, చైనాలో గోతిలోంచి ముక్కలుగా బయటపడ్డ కంచు వృక్షం, మంగోలు చక్రవర్తి కొలువులో పానీయాలు కురిపించిన వెండి చెట్టు, బస్తర్, ఆదిలాబాద్ పల్లెల్లో మైనం అచ్చుతో పోసే ఇత్తడి బొమ్మలు, న్యూయార్క్ మ్యూజియం డాబా మీద అల్లుకున్న స్టీలు కొమ్మలు, అన్నీ ఈ పరంపరలోవే.

వీటన్నిటినీ వరసగా చూస్తే ఒక సంగతి తేటపడుతుంది. లోహపు చెట్టును అందం కోసమే నిలబెట్టిన సందర్భాలు తక్కువ. ఏ కాలం వాళ్లు ఆ కాలంలో తమకు అన్నిటికన్నా ముఖ్యమని తోచినదాన్ని దాని కొమ్మలకు తగిలించారు. ఒకరు సూర్యుళ్లను, ఒకరు నాణేలను, ఒకరు దీపాలను, మరొకరు చనిపోయినవాళ్ల పేర్లను. చెట్టు ఏ బరువూ మోయకుండా, చెట్టుగానే శిల్పంలో నిలబడటం ఎక్కువగా గత అరవై ఏళ్లలో జరిగిన పని.

లోహమే ఎందుకు?

రాతిలో చెట్టును చెక్కిన శిల్పులు లేకపోలేదు. అయితే సాంచీలోనైనా అమరావతిలోనైనా రాతి చెట్టు చాలావరకు వెనకనున్న పలకను అంటిపెట్టుకునే ఉంటుంది. కారణం రాయి స్వభావమే. రాయి నొక్కుడుకు తట్టుకుంటుంది, లాగుడుకు తట్టుకోదు. సన్నని కొమ్మను పలక నుంచి విడదీసి గాలిలోకి చాచితే తన బరువుకు తానే విరిగిపోతుంది. లోహానికి ఈ ఇబ్బంది లేదు. అది వంగుతుంది, సాగుతుంది, ఒక్క మొదలు మీద పదిహేను కొమ్మలను మోస్తుంది.

శిల్పులు లోహాన్ని చెట్టుగా మార్చే పద్ధతులు ముఖ్యంగా మూడు. మొదటిది పోత: కరిగిన లోహాన్ని అచ్చులో పోయడం. రెండోది రేకు పని: పలుచని రేకును వెనక నుంచి కొట్టి ఉబ్బెత్తు రూపాలు తేల్చడం. మూడోది అతుకు పని: కడ్డీలు, గొట్టాలు, రేకులను కలిపి కట్టడం. పూర్వం మేకులు, రివెట్లు, టంకం ఈ పని చేసేవి; 20వ శతాబ్దంలో వాటి స్థానంలోకి వెల్డింగ్ వచ్చింది.

పద్ధతి ఏదైనా కొమ్మల లెక్క తప్పితే చెట్టు చెట్టులా కనిపించదు. ఏ ఎత్తులో చూసినా కొమ్మలన్నిటి మందం కలిపితే కింది మాను మందానికి సరిపోతుందని లియొనార్డో డావిన్చి తన నోటు పుస్తకాల్లో రాసుకున్నాడు. గాలి ఒత్తిడికి విరగకుండా ఉండాలంటే చెట్టు దాదాపు ఇలాగే పెరగాలని 2011లో ఫ్రెంచి భౌతిక శాస్త్రవేత్త క్రిస్టోఫ్ ఎలోయ్ లెక్కగట్టి చూపించాడు. స్టీలు గొట్టాలతో చెట్లు కట్టే నేటి శిల్పులు మొదలు దగ్గర లావు గొట్టం, చివర్లలో సన్నని కడ్డీ వాడేది చూపు కోసమే అనిపించినా, బరువూ గాలీ కూడా వాళ్లను ఆ దారికే తెస్తాయి.

తొలి చెట్లు

ఇరాక్‌లోని ఉర్ నగరంలో 1928-29లో లియొనార్డ్ వూలీ రాజసమాధులు తవ్వినప్పుడు రెండు చిన్న బొమ్మలు దొరికాయి. పూలు పూసిన పొద మీద ముందుకాళ్లు మోపి నిలబడ్డ మేక రూపం అది. కొయ్య మీద బంగారు రేకు తొడిగి పొద చేశారు. మేక ఉన్నికి లాజవర్దం అనే నీలిరంగు రాయి, గవ్వలు వాడారు. క్రీ.పూ. 2600-2400 నాటి ఈ జంటలో ఒకటి లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో, రెండోది ఫిలడెల్ఫియాలోని పెన్ మ్యూజియంలో ఉన్నాయి. ఎత్తు అర మీటరు కూడా ఉండదు. ఆకులను, ఎనిమిది రేకుల పూలను మాత్రం ఎంత శ్రద్ధగా కత్తిరించారంటే, పొద బొమ్మకు అలంకారంగా కాక మేకతో సమానమైన పాత్రగా కనిపిస్తుంది.

ఇంతకన్నా ఎన్నో రెట్లు పెద్ద చెట్టు చైనాలో బయటపడింది. 1986లో సిచువాన్ రాష్ట్రం గ్వాంగ్‌హాన్ దగ్గర సాన్‌షింగ్‌దుయ్ అనే చోట ఇటుకల కోసం మట్టి తవ్వుతున్న పనివాళ్లకు ప్రాచీన వస్తువులు తగిలాయి. పురావస్తు శాస్త్రవేత్తలు తవ్విన రెండో గోతిలో కాల్చి, విరగ్గొట్టి పూడ్చిన కంచు చెట్ల ముక్కలు వందల సంఖ్యలో దొరికాయి. వాటిలో ఒకదాన్ని ముక్కాముక్కా కలిపి నిలబెట్టడానికి ఏళ్లు పట్టింది. ఇప్పుడు దాని ఎత్తు 3.96 మీటర్లు, కొన దొరకలేదు కాబట్టి అసలు ఎత్తు ఇంకా ఎక్కువే. వయసు మూడు వేల ఏళ్ల పైమాట.

ఈ చెట్టును దగ్గరగా చూస్తే నాటి పనివాళ్ల ప్రణాళిక అర్థమవుతుంది. మూడు అంతస్తులు, అంతస్తుకు మూడు కొమ్మలు. ప్రతి కొమ్మ కిందికి వాలి పండ్లు మోస్తుంది. పైకి లేచిన రెమ్మ మీద ఒక పక్షి వాలి ఉంటుంది. మాను పక్క నుంచి ఒక డ్రాగన్ తల కిందికి పెట్టి దిగుతుంది. ఇదంతా ఒక్క పోతలో చేసింది కాదు. భాగాలు విడివిడిగా పోసి, కొన్నిటిని ఒకదానిలో ఒకటి దూర్చి, కొన్నిటి చుట్టూ మళ్లీ కంచు పోసి అతికించారు. చైనా పురాణాల్లో పదిమంది సూర్యులు పక్షుల రూపంలో ఒక మహావృక్షం మీద ఉంటారు. ఒకరు ఆకాశంలో ఉంటే తొమ్మిది మంది చెట్టు మీద. కొమ్మలు తొమ్మిది, పక్షులు తొమ్మిది కావడంతో చాలామంది పండితులు ఈ చెట్టును ఆ కథతో కలిపి చూస్తారు.

అదే సిచువాన్‌లో వెయ్యేళ్లకు పైగా గడిచాక, హాన్ వంశం కాలంలో, సమాధుల్లో ఇంకో రకం కంచు చెట్టు పెట్టడం మొదలైంది. మట్టి పీఠం మీద పలుచని కంచు కొమ్మలు, వాటికి ఆకుల బదులు చదరపు రంధ్రం ఉన్న నాణేలు. చనిపోయినవాళ్లకు పై లోకంలో కొదవ ఉండకూడదన్న కోరిక అది. కొరియాలో 5, 6 శతాబ్దాల సిల్లా రాజులు చెట్టును తల మీదే పెట్టుకున్నారు. 1921లో గ్యోంగ్‌జు నగరంలో ఒక సమాధి నుంచి బయటపడ్డ బంగారు కిరీటానికి ముందు కొమ్మలు చాచిన చెట్టు ఆకారాలు, వెనక జింక కొమ్ముల ఆకారాలు ఉన్నాయి. వాటికి వేలాడే చిన్న బంగారు బిళ్లలు తల కదిలితే చాలు ఆకుల్లా వణుకుతాయి.

పడమటి వైపు బైబిల్ నిర్గమకాండం చెప్పే ఏడు దీపాల బంగారు స్తంభం కూడా రూపంలో చెట్టే. ఒకే బంగారు ముద్దను సుత్తితో సాగగొట్టి, ఆరు కొమ్మలకు బాదం పూల ఆకారంలో గిన్నెలు తీర్చాలని అందులో ఆదేశం ఉంది. మిలాన్ కెథెడ్రల్‌లో సుమారు 5 మీటర్ల ఎత్తున నిలిచిన మధ్యయుగపు ఏడు కొమ్మల కంచు దీపస్తంభం ఆ రూపం నుంచి వచ్చినదే. రోమన్ల దగ్గరికొస్తే కొమ్మలు లేవు, కాయ ఉంది. దాదాపు 4 మీటర్ల ఎత్తు ఉన్న కంచు పైన్ కాయ ఒకప్పుడు రోమ్ నగరంలో ఫౌంటెన్‌గా నీళ్లు చిమ్మేది. ఇప్పుడది వాటికన్‌లో ఉంది. పోత పోసిన పనివాడు పుబ్లియస్ సిన్సియస్ సాల్వియస్ పేరు దాని మీద చెక్కి ఉండటం మరో విశేషం. ఆ కాలపు శిల్పాల్లో చేసినవాడి పేరు మిగలడం అరుదు.

కొలువుల్లో కూసిన పక్షులు

రాజులకు లోహపు చెట్టు సంపదను చూపే సాధనమైంది. లిడియాకు చెందిన పైథియస్ అనే ధనవంతుడు పర్షియా చక్రవర్తి డేరియస్‌కు బంగారు చెట్టును, బంగారు ద్రాక్ష తీగను కానుక ఇచ్చాడని గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ రాశాడు.

క్రీ.శ. 917లో బైజాంటియం రాయబారులు బాగ్దాద్ వచ్చినప్పుడు ఖలీఫా అల్ ముక్తదిర్ వాళ్లకు చెరువు మధ్యలో నిలిచిన వెండి చెట్టును చూపించాడు. ఐదు లక్షల దిర్హాముల తూకం, 18 కొమ్మలు, వాటికి లెక్కలేనన్ని రెమ్మలు, రెమ్మల మీద వెండి, బంగారు పక్షులు. గాలి వీచినప్పుడు రంగురంగుల ఆకులు కదిలేవి, పక్షులు కూసేవి. ఆ రాయబారుల సొంత నగరం కాన్‌స్టాంటినోపుల్‌లోనూ ఇలాంటిదే ఒకటి ఉండేది. 949లో అక్కడికి వెళ్లిన ఇటలీ దౌత్యవేత్త ల్యుట్‌ప్రాండ్, చక్రవర్తి సింహాసనం ముందు బంగారు పూత పూసిన కంచు చెట్టును చూశాడు. దాని మీది పక్షులు వేటి కూత అవి కూసేవని రాశాడు.

వీటన్నిటిలోనూ వివరంగా తెలిసింది మంగోలుల రాజధాని కారకోరం చెట్టు. 1254లో మోంగ్కే ఖాన్ కొలువుకు వెళ్లిన ఫ్రాన్సిస్కన్ సన్యాసి విలియం ఆఫ్ రూబ్రక్ దాన్ని కళ్లారా చూసి రాశాడు. చేసినవాడు గియోమ్ బుషే అనే పారిస్ కంసాలి. యూరప్ మీద దండయాత్రలో మంగోలులకు చిక్కి ఇంత దూరం వచ్చాడు. చెట్టు మొదట్లో నాలుగు వెండి సింహాలు. మానులోంచి పైకి వెళ్లిన నాలుగు గొట్టాలు కొమ్మల దగ్గర వంగి కిందికి దిగుతాయి. వాటిని చుట్టుకుని బంగారు పూత పాములు. ఒక గొట్టంలోంచి ద్రాక్ష సారా, ఒకదాంట్లోంచి గుర్రపు పాలను పులియబెట్టి తేర్చిన పానీయం, మూడోదాంట్లోంచి తేనె పానీయం, నాలుగోదాంట్లోంచి బియ్యపు సారా. కొన మీద బూర పట్టుకున్న దేవదూత.

ఆ బూర ఊదడానికి బుషే మొదట తిత్తులు అమర్చాడు. వాటి గాలి చాలలేదు. అప్పుడు చెట్టు కింద ఒక గూడు చేసి అందులో మనిషిని కూర్చోబెట్టాడు. ఖాన్ పానీయం అడగ్గానే ఆ మనిషి గొట్టంలోకి ఊదేవాడు, పైన దేవదూత చెయ్యి లేచి బూర మోగేది, ఆ మోత విని గోడ అవతల ఉన్న సేవకులు గొట్టాల్లో పానీయం పోసేవాళ్లు. నాలుగు దిక్కుల ప్రజల పానీయాలు ఒక్క చెట్టు కింద కలవడం ఆ సామ్రాజ్యం విస్తృతికి గుర్తు.

ఆగ్నేయాసియాలో బంగారు చెట్టు ఏకంగా కప్పంగా మారింది. కెడా, కెలంతాన్, తెరెంగాను వంటి మలయ్ సంస్థానాలు మూడేళ్లకోసారి సయాం రాజుకు చిన్న బంగారు చెట్టును, వెండి చెట్టును పంపేవి. వీటిని బుంగా మాస్ అంటారు. 1909లో బ్రిటన్, సయాం కుదుర్చుకున్న ఒప్పందంతో ఆ సంస్థానాలు బ్రిటిష్ ఏలుబడిలోకి పోయాయి, చెట్లు పంపే ఆచారం ఆగిపోయింది.

భారతదేశంలో: కల్పవృక్షం, పద్మం, దీపం

బిహార్‌లోని బక్సర్ దగ్గర చౌసాలో దొరికిన జైన కంచు నిధి దేశంలో ఈ తరహా శిల్పాలకు తొలి సాక్ష్యాల్లో ఒకటి. అందులో 18 వస్తువులున్నాయి. 16 తీర్థంకరుల మూర్తులు, మిగతా రెండిటిలో ఒకటి ధర్మచక్రం, రెండోది కల్పవృక్షం. మూర్తులతో సమానంగా చెట్టూ పూజలందుకున్నదని దీన్నిబట్టి తెలుస్తుంది.

తూర్పు భారతంలో పాలరాజుల కాలపు బౌద్ధ శిల్పులు కంచు పద్మాలు పోశారు. 12వ శతాబ్దం నాటి కొన్ని పద్మాలకు ఎనిమిది రేకులు కీళ్ల మీద తెరుచుకుంటాయి, మూసుకుంటాయి. మూసి ఉన్నప్పుడు చూస్తే మొగ్గ. రేకులు విప్పితే నడుమ ఇష్టదేవత, ఒక్కో రేకు లోపలి వైపు ఒక్కో పరివార దేవత. పువ్వు విచ్చుకోవడాన్ని ఉపాసనలో ఒక అంగంగా చేసిన పనితనం అది.

దక్షిణాదిలో కొమ్మలన్నిటికీ ప్రమిదలు కాచిన చెట్టు ఉంది. కేరళ గుళ్లలో వందల వత్తులు వెలిగించే ఆల్‌విళక్కు మర్రి, రావి చెట్ల ఆకారాన్ని గుర్తు చేస్తుంది. తెలుగు గుళ్లలో ధ్వజస్తంభం ఇంకా సూటిగా చెట్టే. వంకర లేని నిలువెత్తు మానును ఎంచి తెచ్చి నిలబెడతారు, దానికి రాగి లేదా ఇత్తడి రేకు తొడుగుతారు. మూలవిరాట్టు వెనక మకరతోరణంలో మొసలి నోళ్ల నుంచి తీగలు బయల్దేరి, మెలికలు తిరుగుతూ పైకి పాకి, నడినెత్తిన సింహముఖం దగ్గర కలుస్తాయి. తిరుమల బ్రహ్మోత్సవాల్లో నాలుగో రోజు ఉదయం మలయప్పస్వామి ఊరేగేది కల్పవృక్ష వాహనం మీద. ఇక్కడ చెట్టు మోసేది సాక్షాత్తు దేవుణ్ని.

ఇలాంటి రేకు పనికి తెలంగాణలో పేరున్న ఊరు జనగామ జిల్లా పెంబర్తి. హైదరాబాదు నుంచి వరంగల్ వెళ్లే దారిలో ఉంటుంది. అక్కడి విశ్వకర్మలు ఇత్తడి రేకును లక్క దిమ్మ మీద పరిచి, చిన్న ఉలులతో వెనక నుంచి కొట్టి ఆకు, తీగ, హంస, ఏనుగు తేలుస్తారు. లక్క మెత్తగా ఆనుకుని ఉంటుంది కాబట్టి దెబ్బ పడ్డ చోట రేకు చిరగకుండా ఉబ్బుతుంది. రథాలకు, వాహనాలకు, గుడి తలుపులకు తొడుగులు చేయడం వాళ్ల కులవృత్తి. పెంబర్తి లోహకళకు 2010లో భౌగోళిక గుర్తింపు దక్కింది.

మైనం చేసే పని

మొహెంజొదారో నాట్యగత్తె బొమ్మను పోసిన మైనం అచ్చు పద్ధతి ఈ ఉపఖండంలో ఎన్నడూ ఆగిపోలేదు. 12వ శతాబ్దంలో కల్యాణి చాళుక్య రాజు మూడో సోమేశ్వరుడు సంస్కృతంలో రాసిన మానసోల్లాసం ఆ పద్ధతిని వివరించింది. చదువుకున్న స్థపతుల చేతిలో అది దేవతామూర్తులను ఇచ్చింది. అడవి అంచు పల్లెల్లో చెట్టును, జంతువును, ఇలవేలుపును ఇచ్చింది. ఈ రెండో శాఖనే డోక్రా అంటారు.

బస్తర్‌లో ఘడవా పనివాళ్లు, ఆదిలాబాద్ ప్రాంతంలో ఓజాలు ఈ పని చేస్తారు. తెలంగాణలో కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా జైనూరు మండలం ఉషేగావ్ దీనికి పేరుపడ్డ ఊరు. గోండులకు కావలసిన గంటలు, దీపాలు, నగలు, దేవతల గుర్తులు ఓజాలే పోసి ఇచ్చేవాళ్లు. ఆదిలాబాద్ డోక్రాకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది.

పని తీరు ఇలా ఉంటుంది. ముందు మట్టితో బొమ్మ లోపలి గుండు చేసి ఆరబెడతారు. తేనెమైనంలో చెట్టుజిగురు కలిపి కాచి, వడగట్టి, సన్నని దారంలా తీస్తారు. ఆ మైనపు దారాన్ని మట్టి గుండు మీద పక్కపక్కన ఆనించి చుట్టుకుంటూ పోతారు. డోక్రా బొమ్మ మీద కనిపించే సన్నని చారలు ఈ దారానివే. చెట్టు బొమ్మయితే కొమ్మలకు, ఆకులకు మైనాన్ని వేళ్లతోనే నులిమి అతికిస్తారు. దాని మీద మెత్తని మట్టి పూత, ఆపైన పుట్టమన్ను, ఊక కలిపిన ముతక పూత. కింద ఒక దారి వదిలి ఆవంలో కాలిస్తే మైనం 60 డిగ్రీలు దాటగానే కరిగి కారిపోతుంది, మైనం ఉన్నంత మేరా ఖాళీ మిగులుతుంది. కరిగిన ఇత్తడిని ఆ ఖాళీలోకి పోస్తారు. చల్లారాక మట్టి పెంకు పగలగొట్టాల్సిందే. కాబట్టి ఒక అచ్చుకు ఒకటే బొమ్మ. రెండోది కావాలంటే మళ్లీ మైనం నుంచి మొదలు.

కొండగావ్‌కు చెందిన జయదేవ్ బఘేల్ ఈ కళను దేశవిదేశాల గ్యాలరీల దాకా తీసుకెళ్లాడు. కలకత్తా శిల్పి మీరా ముఖర్జీ దారి దీనికి ఎదురు. మ్యూనిక్‌లో చదువుకుని వచ్చిన ఆమె బస్తర్ పల్లెల్లో పనివాళ్ల దగ్గర కూర్చుని మైనం పని నేర్చుకుంది. దేశం నలుమూలలా తిరిగి లోహకారుల పద్ధతులను నమోదు చేసిన ఆమె పుస్తకాన్ని 1978లో భారత మానవశాస్త్ర సర్వే సంస్థ ప్రచురించింది. ఆమె పెద్ద కంచు శిల్పాల ఒంటి మీద డోక్రా చారల జాడ తెలుస్తూనే ఉంటుంది.

16వ శతాబ్దంలో జర్మనీలోని నురెంబర్గ్‌లో వెంజెల్ యామ్నిట్జర్ ఈ మైనం అచ్చు సూత్రాన్నే ఇంకో అడుగు ముందుకు తీసుకెళ్లాడు. మైనం స్థానంలో నిజమైన మొక్కనే పెట్టాడు. గడ్డిపరకను, పువ్వును, చిన్న బల్లిని మెత్తని అచ్చు ముద్దలో పొదిగి కొలిమిలో కాలిస్తే అవి బూడిదైపోతాయి; ఆ ఖాళీలో వెండి పోస్తే ఆకు ఈనెతో సహా దిగుతుంది. 1549లో ఆయన చేసిన వెండి బల్లశిల్పంలో భూమాత తల మీద పూలకుండీని మోస్తుంది; చుట్టూ పోత గడ్డిపరకలు, బల్లులు. అది ఇప్పుడు ఆమ్‌స్టర్‌డామ్ రైక్స్ మ్యూజియంలో ఉంది.

ఇనుము, గాలి, వెల్డింగ్

ఇనుము చౌకబడిన 19వ శతాబ్దం చివర్లో తీగలు వీధుల్లోకి వచ్చాయి. బ్రస్సెల్స్‌లో విక్టర్ హోర్టా 1893లో పూర్తిచేసిన టాసెల్ భవనంలో మెట్ల దగ్గరి ఇనుప స్తంభం పైభాగాన రెమ్మలు తొడుగుతుంది. 1900 నుంచి పారిస్ మెట్రో ద్వారాలకు హెక్టార్ గిమార్ పోత ఇనుముతో రూపం ఇచ్చాడు. ఆకుపచ్చ కాడలు రెండు వైపులా లేచి, కొనల్లో ఎర్రని దీపాలను మొగ్గల్లా పట్టుకుంటాయి. వీటి భాగాలు ఫ్యాక్టరీలో గుంపుగా పోసినవి. ప్రకృతి రూపం ఇలా పెద్ద ఎత్తున తయారైంది.

స్పెయిన్ శిల్పి హులియో గోన్జాలెజ్ 1918లో పారిస్ దగ్గర రెనో ఫ్యాక్టరీలో పనిచేస్తూ వెల్డింగ్ నేర్చుకున్నాడు. పదేళ్లకు పికాసో ఇనుప శిల్పాలకు చేయూతనిచ్చింది ఆయనే. 1939లో గోన్జాలెజ్ చేసిన కాక్టస్ మనిషి ఒంటి నిండా మేకులు ముళ్లలా పొడుచుకుని ఉంటాయి. తన దేశం అంతర్యుద్ధంలో నలిగిపోయిన సమయం అది. అమెరికాలో డేవిడ్ స్మిత్ 1951లో హడ్సన్ నది తీరాన్ని స్టీలు కడ్డీలతో గాలిలో గీసిన బొమ్మలా నిలబెట్టాడు.

అలెగ్జాండర్ కాల్డర్ చదివింది మెకానికల్ ఇంజనీరింగ్. ఆయన రేకు ఆకులను తీగల చివర వేలాడదీసి, చిట్టచివరి ఆకు నుంచి పైకి ఒక్కో తీగను తూకం చూసుకుంటూ కట్టేవాడు. ఈ శిల్పాలకు 1931లో మార్సెల్ దుషాంప్ మొబైల్ అని పేరు పెట్టాడు. గాలి తగిలితే ఏ ఆకు కదలిక దానిదే, అయినా మొత్తం తూకం చెదరదు. చెట్టు ఆకారాన్ని పక్కనపెట్టి చెట్టు కదలికను పట్టుకున్న శిల్పి కాల్డర్. ఇటలీలో పుట్టి అమెరికాలో స్థిరపడ్డ హ్యారీ బెర్టోయా వందల సన్నని కడ్డీలను చీలుస్తూ, అతుకుతూ కంచు పొదలు, గాలికెగిరే గింజల గుత్తుల్లాంటి గోళాలు చేశాడు. ఇంగ్లాండ్‌లోని బర్న్‌లీ దగ్గర గుట్ట మీద 2006లో మైక్ టాంకిన్, ఆనా లియు కట్టిన 3 మీటర్ల చెట్టుకైతే ఆకులే లేవు. తుప్పు పట్టకుండా జింకు పూసిన స్టీలు గొట్టాలను గాలివాటుకు వంగిన చెట్టు ఆకారంలో పేర్చారు. కొన్ని గొట్టాలు బరువు మోస్తాయి, కొన్ని గాలి దూరినప్పుడు పాడతాయి.

స్మారక వృక్షాలు

బుడాపెస్ట్‌లో దోహాన్ వీధి యూదు ప్రార్థనా మందిరం వెనక తోటలో ఇమ్రే వార్గా 1991లో చేసిన లోహపు విల్లో చెట్టు ఉంది. కొమ్మలు నేల వైపు వేలాడతాయి. ఒక్కో ఆకు మీద నాజీల చేతిలో చనిపోయిన ఒక్కొక్కరి పేరు. దూరం నుంచి చూస్తే మెరిసే చెట్టు. దగ్గరికి వెళ్లి ఒక ఆకును పట్టుకుంటే ఒక మనిషి. సంఖ్యగా మాత్రమే వినిపించే చావులను మళ్లీ పేర్లుగా మార్చడానికి చెట్టు రూపం ఇంతగా ఉపయోగపడిన శిల్పం మరొకటి దొరకడం కష్టం.

మొజాంబిక్‌లో 1992లో అంతర్యుద్ధం ముగిశాక దేశమంతా తుపాకులు మిగిలిపోయాయి. 1995లో బిషప్ దినిస్ సెంగులానె ఒక పథకం మొదలుపెట్టాడు: ఆయుధం తెచ్చి ఇచ్చినవాళ్లకు నాగళ్లు, సైకిళ్లు, కుట్టుమిషన్లు. అలా చేరిన తుపాకులను ముక్కలు కోసి, 2004లో మపూటోలో నలుగురు కళాకారులు, కెస్టర్, ఇలారియో న్యతుగుయెజ, ఫియెల్ దొస్ సాంతోస్, అదెలినో సెరఫిమ్ మతె, మూడున్నర మీటర్ల జీవన వృక్షాన్ని వెల్డ్ చేశారు. గొట్టాలు కొమ్మలయ్యాయి, ట్రిగ్గర్లు, మడమలు ఆకులూ బెరడూ అయ్యాయి. కింద బల్లి, తాబేలు, పక్షులు చేరాయి. ఇప్పుడది బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. దగ్గరగా చూసినవాళ్లకు ఏకే-47 భాగాలు గుర్తుపట్టేలానే కనిపిస్తాయి. కళాకారులు వాటిని దాచలేదు.

చెట్టు కోసమే చెట్టు

ఇటలీ శిల్పి జుసెప్పె పెనోనె 1968లో, ఇరవై ఒకటో ఏట, సొంత ఊరి దగ్గరి అడవిలో ఒక లేత చెట్టు మానును పట్టుకున్న తన చేతికి లోహపు నకలు చేసి ఆ మానుకే బిగించాడు. చెట్టు ఆ చెయ్యి చుట్టూ పెరుగుతూ పోయింది. అప్పటిదాకా లోహం చెట్టు రూపం తీసుకునేది. ఇక్కడ చెట్టు లోహాన్ని తనలోకి తీసుకుంది. పారిస్ తూయిలరీ తోటలో ఆయన 1999 నాటి కంచు ఓక్ వేళ్లతో సహా కూలిన భంగిమలో పడుకుని ఉంటుంది. కొమ్మలు నేలను తాకిన ఐదు చోట్ల ఐదు రకాల బతికున్న చెట్లు నాటారు.

అమెరికా శిల్పి రాక్సీ పెయిన్ పరిశ్రమల్లో వాడే మామూలు స్టీలు గొట్టాలను, కడ్డీలను కొని, వంచి, వెల్డ్ చేసి, అతుకు కనిపించకుండా గ్రైండింగ్ పట్టి చెట్లు కడతాడు. మొదటిది 1999లో స్వీడన్‌లోని వానోస్‌లో అడవి మధ్య నిలిచింది. 2009లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం డాబా మీద ఆయన పరిచిన శిల్పం 130 అడుగుల పొడవు, 45 అడుగుల వెడల్పు. సందర్శకులు తుపానులో చిక్కిన అడవిలాంటి ఆ కొమ్మల మధ్య నడిచి వెళ్లారు.

చైనా కళాకారుడు ఐ వైవై ఎండిన చెట్ల ముక్కలు తెప్పించి, వాటికి ఇనుప నకళ్లు పోయించి, నట్లు బోల్టులతో బిగించి ఒక చెట్టు చేస్తాడు. అతుకులు దాచడు, తుప్పు తుడవడు. బ్రెజిల్ బహియా రాష్ట్రంలో అంతరించే దశలో ఉన్న పెకి జాతి మహావృక్షానికి నిలువునా అచ్చు తీసి ఆయన పోయించిన 32 మీటర్ల ఇనుప చెట్టు 2021లో పోర్చుగల్‌లోని పోర్టోలో నిలిచింది.

ఢిల్లీలోని జాతీయ ఆధునిక కళా మ్యూజియం ఆవరణలో సుబోధ్ గుప్తా స్టీలు మర్రి ఉంది. ఊడల జాతి చెట్టుకు బొక్కెనలు, గిన్నెలు, చెంబులు. వంటిల్లు, కుటుంబం, పెద్దరికం అన్నీ ఒక్క చోట కలిసిన దాని పేరు దాదా. అదే నగరంలో ఎయిమ్స్ ఫ్లైఓవర్ దగ్గర విభోర్ సోగాని నాటిన స్టీలు మొలకలు రోజూ లక్షల మంది దారిలో పడతాయి. తెలుగు నేల మీద తెనాలి శిల్పులు నట్లు, బోల్టులు, గొలుసులు, బేరింగులతో బొమ్మలు కట్టి పేరు తెచ్చుకున్నారు. పాత ఇనుము వాళ్ల చేతిలో మళ్లీ పనికొస్తోంది.

ఆరుబయట మనుగడ

లోహపు చెట్టుకు ఎండ భయం లేదు, తేమ భయం ఉంది. రాగి, కంచు వానకు తడిసి ఆకుపచ్చ చిలుము పడతాయి. ఆ పొర చాలావరకు లోపలి లోహాన్ని కాపాడుతుంది. సముద్రపు ఉప్పు చేరితే మాత్రం కంచును లోపలి నుంచి తినేసే జబ్బు పడుతుంది. అందుకే తీర నగరాల్లో శిల్పాలను ఏటా కడిగి మైనం పూయాలి. స్టెయిన్‌లెస్ స్టీలులో కనీసం 10.5 శాతం ఉండే క్రోమియం గాలి తగలగానే కంటికి కనిపించని పొర కడుతుంది. వెల్డింగ్ అతుకులను సరిగ్గా శుభ్రం చేయకపోతే ఆ పొర అక్కడే విఫలమై తుప్పు మొదలవుతుంది. కొమ్మల పంగల్లో వాన నీరు, రాలిన ఆకులు నిలవకుండా చిన్న రంధ్రాలు వదలడం ఈ శిల్పాల నిర్మాణంలో తప్పనిసరి జాగ్రత్త.

పనివాళ్ల మనుగడ ఇంతకన్నా పెద్ద సమస్య. డోక్రా పాఠం పుస్తకాల్లో లేదు. మైనం ఎంత కాగాలో, ఆవం ఎప్పుడు విప్పాలో పిల్లలు ఇంట్లో పెద్దల పక్కన కూర్చునే నేర్చుకుంటారు. ఇత్తడి ధర పెరిగినా, తేనెమైనం దొరకకపోయినా, కట్టెలకు అడవిలోకి పోనివ్వకపోయినా ఆ సంవత్సరం పని ఆగుతుంది. భౌగోళిక గుర్తింపు నకిలీలను అడ్డుకోగలదు, ముడిసరుకు ఇవ్వలేదు. ఉషేగావ్, పెంబర్తి, కొండగావ్‌ల విషయంలో ప్రభుత్వాలు, మ్యూజియంలు చేయాల్సిన పని స్పష్టంగానే ఉంది: సరసమైన ధరకు ఇత్తడి, మైనం అందించాలి, కొన్న ప్రతి వస్తువు పక్కన చేసినవాళ్ల పేరు, ఊరు, ఏడాది రాయాలి, పని తీరు మొత్తాన్ని వాళ్ల మాటల్లోనే నమోదు చేయాలి. రోమ్‌లో పైన్ కాయ పోసిన పనివాడికి రెండు వేల ఏళ్ల కింద దక్కిన ఆ గుర్తింపు ఈ పల్లెల పనివాళ్లలో చాలామందికి ఇంకా దక్కలేదు.